క్రైస్తవ సంఘానికి (చర్చికి) పదవులు ఉంటేనే బలమా? నా అనుభవం చెబుతాను

"మనవాళ్లు నలుగురు పదవుల్లో ఉంటేనే సంఘానికి విలువ, ఇంకా మారుమనస్సు అంటూ కూర్చుంటే ఏమొస్తుంది?" అని ఒకరు అడిగారు. 2013లో మా సంఘ కమిటీ మీటింగులో నేనూ అచ్చం ఇదే మాట అన్నాను. అందుకే రాస్తున్నాను.

మాది దేవరకొండ వైపు పల్లె. అప్పుడు నేను కమిటీ కార్యదర్శిని. సర్పంచ్ ఎన్నికల్లో మా సంఘం ఓట్లన్నీ ఒకాయనకే వేయిస్తానని మాటిచ్చి, గుడి ముందు రేకుల షెడ్డు వేయించుకున్నాను. ఆయన గెలిచాడు. అప్పటినుంచి పంచాయతీ ఆఫీసుకు పోతే నాకు కుర్చీ వేసేవాళ్లు. సంఘం బలపడిందని నిజంగానే నమ్మాను.

ఆ వానాకాలమే, చనిపోయిన మా తమ్ముడి చేనుకూ నా చేనుకూ నడుమ గట్టు దున్నించి, హద్దురాయి నాలుగు సాళ్లు అవతలికి జరిపించాను. మరదలు పంచాయతీకి పోయి మొరపెట్టుకుంది. అక్కడ కుర్చీలో కూర్చున్నది నేనే. ఇక ఆమె మాట ఎవరు వింటారు?

రెండేళ్లు ఆ నాలుగు సాళ్ల పత్తి కూడా నేనే ఏరుకున్నాను. ఒక ఆదివారం ప్రభువు బల్ల, అంటే యేసు మరణాన్ని తలచుకుంటూ రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన. రొట్టె పళ్లెం పట్టుకుని వరుసల వెంట తిప్పుతున్నాను. మరదలి ముందుకు వచ్చేసరికి ఆమె చేతులు ఒడిలోనే ఉంచుకుంది. "నీ చేత్తో నాకొద్దు బావా" అన్నది, నాకొక్కడికే వినపడేట్టు. నా చేయి వణికింది, స్టీలు పళ్లెంలో ముక్కలు కదిలాయి. పక్కావిడ ముందుకు పళ్లెం జరిపి వెళ్లిపోయాను.

ఆ రాత్రి నిద్ర పట్టక బైబిల్లో లూకా 19 తీశాను. సుంకాలు వసూలు చేసే జక్కయ్య యేసును కలిసినప్పుడు ఏడ్చాడని అక్కడ ఎక్కడా లేదు. ఆస్తిలో సగం బీదలకు ఇస్తానన్నాడు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. అంతకుముందు నేనూ ప్రార్థనలో చాలాసార్లు ఏడ్చాను, గట్టు మాత్రం ఉన్నచోటే ఉంది. మన తెలుగు బైబిల్లో యేసును పట్టిచ్చిన యూదా గురించి 'పశ్చాత్తాపపడి' అని ఉంటుంది (మత్తయి 27). యేసు ప్రకటించినది 'మారుమనస్సు' (మార్కు 1:15). బైబిల్ మూలభాష గ్రీకులోనూ అవి రెండు వేర్వేరు మాటలే: ఒకటి చేసినదానికి బాధపడటం, రెండోది మనసే మార్చుకోవడం.

అధికారం సంగతికొస్తే, యేసుకు లోకరాజ్యాలన్నీ ఇస్తానన్నది సాతాను. ప్రజలు బలవంతంగా రాజును చేయబోతే యేసు ఒంటరిగా కొండకు వెళ్లిపోయాడు (యోహాను 6:15). మన పాలమూరు, నల్లగొండ పల్లెల్లో చాలా సంఘాలు మెన్నోనైట్ బ్రదరెన్ అనే క్రైస్తవ శాఖ వాళ్లవి, మాదీ అదే. వాళ్ల మూలం 1525లో జ్యూరిక్‌లో మొదలైన అనాబాప్టిస్టు ఉద్యమం. సర్కారు నడిపే సంఘం వద్దని, మారుమనస్సు పొందినవాళ్లకే బాప్తిస్మమని పట్టుబట్టి ఎందరో చంపబడ్డారు. అలాంటివాళ్ల సంఘంలో కూర్చుని నేను ఓట్లు బేరం పెట్టాను. ఒక్కమాట, క్రైస్తవులైన దళితులను ఎస్సీలుగా లెక్కించని 1950 రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల పోయిన ఎస్సీ హోదాను వాళ్లు అడగడం వేరు. అది న్యాయం, తప్పక అడగాలి.

మర్నాడు సర్వేయర్‌ను పిలిపించి రాయి పాతచోట పాతించాను. గుడిలో ఒప్పుకోవడం కన్నా పంచాయతీలో అందరి ముందు ఒప్పుకోవడమే కష్టమైంది. కార్యదర్శి పని వదిలేశాను. నాలుగంతలు నా వల్ల కాలేదు. రెండంతలు లెక్కగట్టి మూడు విడతల్లో ఇచ్చాను.

మరదలు ఇప్పటికీ నాతో పెద్దగా మాట్లాడదు. కిందటేడు పత్తి ఏరేరోజు కూలీలకు చాయ్ పంపుతూ, గట్టు ఇవతల ఉన్న నాకూ ఒక గ్లాసు పంపింది.