వీరాభిమాని చేతికి మైకు ఇవ్వవచ్చునా?

మీ పంక్ (మొరటుగా, వేగంగా సాగే రాక్ సంగీతం) బ్యాండ్ కొత్త పాటలో, మొదటినుంచీ మిమ్మల్ని వెన్నంటి ఉన్న అభిమాని చేత కొన్ని పంక్తులు పాడిస్తే పాట చెడిపోతుందా అని అడిగారు. చెడిపోదు, నిస్సంకోచంగా పాడించండి. పేరున్న గాయకుడు అతిథిగా వస్తే తన గొంతు ప్రదర్శించి వెళతాడు. అభిమానికి పాట తప్ప మరో ధ్యాస ఉండదు.

హైదరాబాదులో మా చిన్న బ్యాండ్‌లో నేను బేస్ గిటార్ వాయించే రోజుల్లో, ప్రతి కచేరీకీ ముందు వరుసలో నిలబడి, మా గాయకుడు మరచిపోయిన మాటలను కింద నుంచే అందించే కుర్రవాడు ఒకడు ఉండేవాడు. రికార్డింగుకు అతణ్ణి పిలిచాం. రెండు చెవులకూ హెడ్‌ఫోన్లు తగిలించగానే గొంతు బిగుసుకుపోయింది. ఒక చెవిని వదిలేయమన్నాం. తాళం కోసం పెట్టిన టిక్కుటిక్కు శబ్దం ఆ సందులోంచి మైకులోకి చేరుతోందని ఇంజనీరు గొణిగాడు. చివరకు హెడ్‌ఫోన్లు తీసేసి, పాటను స్పీకర్లలో సన్నగా పెట్టి, మైకును అడుగు వెనక్కి జరిపి, మేమందరం అతని చుట్టూ నిలబడ్డాక, గది అదిరేటట్టు పాడాడు. తీరా విడివిడి రికార్డింగులను ఒకటిగా కలిపే మిక్సింగులో ఆ ఇంజనీరు మమ్మల్ని మాటమాత్రమైనా అడగకుండా అతని శ్రుతిని యంత్రంతో నున్నగా సరిచేసి పెట్టాడు. పోట్లాడి, అతను పాడింది పాడినట్టున్న పాత టేకునే తిరిగి వేయించుకున్నాం. టీవీ పాటల పోటీలు వచ్చాక, శ్రుతి తప్పడాన్ని మించిన నేరం లేదని అందరూ నమ్ముతున్నారు. పంక్ పాటకు ఆ కొలబద్ద ఎందుకో నాకు బోధపడదు.

నా మాట చాలదనుకుంటే అమెరికన్ పంక్ బ్యాండ్ రామోన్స్ చివరి కచేరీ వినండి. 1996 ఆగస్టు 6న హాలీవుడ్‌లోని ప్యాలెస్ అనే థియేటర్‌లో జరిగిన ఆ కచేరీలో, బ్యాండ్ మాజీ సభ్యుడు డీ డీ తాను రాసిన పాటలోనే మాటలు తడబడ్డాడు. మోటర్‌హెడ్ అనే రాక్ బ్యాండ్ గాయకుడు లెమ్మీ మాత్రం, రామోన్స్ మీద అభిమానంతో తాను కట్టిన పాటను వారితోనే కలిసి పాడాడు. చిట్టచివరి పాటకు పెర్ల్ జామ్ అనే రాక్ బ్యాండ్ గాయకుడు ఎడ్డీ వెడ్డర్ వచ్చాడు. రామోన్స్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ రికార్డులు అమ్మిన ఆ మనిషి, 1960ల నాటి బ్రిటిష్ బ్యాండ్ డేవ్ క్లార్క్ ఫైవ్ పాటను వాళ్ల పక్కన ఒక అభిమానిగా నిలబడి పాడాడు. 2002లో రామోన్స్‌ను రాక్ సంగీతకారులకు దక్కే గౌరవమైన రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి ఆహ్వానిస్తూ ప్రసంగించినదీ ఆయనే. సొంతవాళ్లు తడబడిన వేదికను అభిమానులు నిలబెట్టారని నేను గట్టిగా అంటాను.

మీ అభిమానికి మొదటి చరణం ఇవ్వకండి. శ్రోత అప్పటికి ఇంకా మీ గాయకుడి గొంతుకే అలవాటు పడుతుంటాడు. చివరి పల్లవి ఇవ్వండి. అతని ట్రాక్‌ను మీ గాయకుడి గొంతు కింద దాచకుండా పక్కనే సమానంగా ఉంచమని ఇంజనీరుకు ముందుగానే చెప్పండి, శ్రుతి జోలికి వెళ్లవద్దని కూడా.