పాత మోటార్‌హోమ్ కొనేవారు ఇంజిన్ కంటే ముందు పైకప్పు చూడాలి

ప్రశ్న: మేము టెక్సాస్ రాష్ట్రంలోని ఫ్రిస్కోలో ఉంటున్నాము. వచ్చే మే నెలలో మా అమ్మానాన్నలు గుంటూరు నుంచి వస్తున్నారు. వారిని, మా ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకొని ఎల్లోస్టోన్, గ్లేసియర్ పార్కులు చూసి రావాలని, అందుకోసం సొంతంగా ఒక మోటార్‌హోమ్ కొనాలని అనుకుంటున్నాము. అనేక రాష్ట్రాల్లో శాఖలున్న ఒక పెద్ద డీలర్ దగ్గర 2017 మోడల్ క్లాస్ సి బండి నచ్చింది. పొడవు 31 అడుగులు, తిరిగింది 24,000 మైళ్లు, ధర 62,000 డాలర్లు. తమ సర్వీసు విభాగం అన్నీ పరీక్షించిందని, శనివారంలోగా వెయ్యి డాలర్లు కడితే బండిని మా పేరున ఆపి ఉంచుతామని సేల్స్‌మన్ చెబుతున్నారు. ఇంత పెద్ద సంస్థ గనుక భయం లేదని నా భార్య అభిప్రాయం. నాకెందుకో తొందరపడకూడదని అనిపిస్తోంది. మేము ఏమేమి చూసుకోవాలి?
— ఒక పాఠకుడు, ఫ్రిస్కో

జవాబు: హైదరాబాదులో ఉన్న మన పాఠకులకు ‘కారవాన్’ అంటే షూటింగుల్లో నటీనటులు విశ్రాంతి తీసుకునే బండి గుర్తుకు వస్తుంది. అమెరికాలో సాధారణ కుటుంబాలు సెలవులకు తీసుకువెళ్లే మోటార్‌హోమ్ అదే జాతిది. వీటిలో బస్సంత పెద్దవి క్లాస్ ఎ, పొడవాటి వ్యాన్‌లోనే అమర్చినవి క్లాస్ బి, డ్రైవరు క్యాబిన్ మీదికి మంచం పొడుచుకు వచ్చినవి క్లాస్ సి. మీరు చూసిన కొలతల బండి చాలావరకు ఫోర్డ్ ఈ-450 ఛాసిస్ (ఇంజిన్, చక్రాలు ఉన్న కింది చట్రం) మీద, 6.8 లీటర్ల వి10 ఇంజిన్‌తో వచ్చి ఉంటుంది. ఆ ఛాసిస్ ఒహాయోలోని ఫోర్డ్ కర్మాగారంలో తయారై, ఇండియానాలోని ఎల్క్‌హార్ట్ వంటి పట్టణాలకు చేరి, అక్కడ వేరే కంపెనీ చేతుల్లో ఇల్లుగా మారుతుంది. అంటే మీరు కొంటున్నది ఒక లారీని, దాని మీద నిలబెట్టిన ఒక చిన్న చెక్క ఇంటిని. లారీ సంగతి ఏ మంచి మెకానిక్ అయినా చెప్పగలడు, అది సాధారణంగా మొండిదే. డబ్బు పోయేది ఇంటి వైపు.

ఇక ‘పెద్ద సంస్థ’ అన్న మాట. పెద్ద డీలర్ వల్ల లాభాలు లేకపోలేదు: టైటిల్ (యాజమాన్య హక్కు) కాగితాలు సాధారణంగా సక్రమంగా ఉంటాయి, అప్పు అక్కడే దొరుకుతుంది, ఎంచుకోవడానికి ఒకే చోట పదుల కొద్దీ బండ్లు ఉంటాయి. అయితే ఆ బండిని వాడినవారు అక్కడ ఉండరు. పాత యజమాని నేరుగా అమ్మితే, ‘మూడేళ్ల కిందట వడగళ్లు పడ్డాయి, అప్పుడు కప్పు బాగు చేయించాము’ అన్న మాట ఏదో ఒక సందర్భంలో నోట వస్తుంది. డీలర్ దగ్గర ఆ కథ తెగిపోతుంది. ఆ బండి మార్పిడిలో వచ్చిందో, వేలంలో కొన్నారో, అప్పు కట్టలేక బ్యాంకు స్వాధీనం చేసుకున్నదో, లేక ఇప్పటికీ వేరొకరి ఆస్తిగా ఉండి కమీషన్ మీద అమ్మకానికి పెట్టినదో ఎదుట నిలబడిన సేల్స్‌మన్‌కు కూడా తెలియకపోవచ్చు. కాబట్టి మొదట అడగవలసిన ప్రశ్న ‘ఈ బండి మీకు ఎలా వచ్చింది?’ అన్నదే, దానికి జవాబు ఈ-మెయిల్‌లో తీసుకోండి. వారి సర్వీసు విభాగం ‘అన్నీ పరీక్షించింది’ అంటున్నారు గనుక, ఆ పరీక్ష తాలూకు సంతకం, తేదీ ఉన్న నివేదిక కూడా అడగండి. ఇవ్వడానికి వెనకాడితే, ఆ మాటకు ఎంత విలువ ఇవ్వాలో మీకే తెలుస్తుంది.

పాత మోటార్‌హోమ్‌కు అసలు శత్రువు నీరు. కప్పు మీది అతుకుల్లో, వెంట్ల చుట్టూ, ఏసీ కింద పూసిన సీలెంట్ ఎండకు పగిలిపోతుంది. దాన్ని ఏటా ఒకటి రెండు సార్లు చూసి మళ్లీ పూయకపోతే వాన నీరు సన్నగా లోపలికి దిగి, గోడ లోపలి చెక్కను నెలల తరబడి నానబెడుతుంది. పైకి ఏమీ కనబడదు. క్లాస్ సి బండ్లలో దీనికి పేరుపడ్డ చోటు డ్రైవరు తల మీది మంచం. బండి నడుస్తున్నప్పుడు గాలివాన అంతా ఆ మూలకే కొడుతుంది. ఆ మంచం మీది పరుపు ఎత్తి, నాలుగు మూలలా వేళ్లతో గట్టిగా నొక్కి చూడండి. మెత్తగా లోపలికి దిగినా, కొత్త వాల్‌పేపర్ అక్కడొక్కచోటే అంటించి ఉన్నా అనుమానించండి. తర్వాత బయటికి వచ్చి, సాయంకాలపు ఏటవాలు వెలుతురులో పక్క గోడల వెంట చూపు సారించండి. ఫైబర్‌గ్లాస్ ఎక్కడైనా అలలాగా ఉబ్బి ఉంటే లోపల పొరలు విడిపోయాయని అర్థం. డీలామినేషన్ అని పిలిచే ఈ జబ్బును పూర్తిగా నయం చేయాలంటే అయ్యే ఖర్చు, బండి విలువతో పోలిస్తే చాలాసార్లు గిట్టుబాటు కాదు. స్నానాల గది పక్కన, తలుపు మెట్టు దగ్గర, స్లైడ్-అవుట్ (బండి నిలిపాక బయటికి జరిపే గది భాగం) మూలల్లో చెప్పులు విడిచి నడిస్తే నేల పరిస్థితి కాళ్లకే తెలుస్తుంది. తేమ కొలిచే మీటరు హార్డ్‌వేర్ దుకాణాల్లో తక్కువ ధరకే దొరుకుతుంది, ఒకటి వెంట తీసుకువెళ్లండి. నిచ్చెన ఎక్కి కప్పు చూడనివ్వకపోతే ఆ బండిని అక్కడితో వదిలేయడమే మేలని నా అభిప్రాయం.

24,000 మైళ్లు అన్న అంకె మిమ్మల్ని ఆకర్షించినట్లుంది. కారు విషయంలో అది శుభవార్తే. మోటార్‌హోమ్ విషయంలో ఎక్కువ కాలం కదలకుండా ఎండలో నిలబడిందని కూడా దాని అర్థం కావచ్చు. టైరు పక్క గోడ మీద ‘డాట్’ అన్న అక్షరాల వరుస చివర నాలుగు అంకెలు ఉంటాయి. 2316 అని ఉంటే 2016వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. మోటార్‌హోమ్ టైర్లు అరిగిపోకముందే ముసలివై పగులుతాయి, అందుచేత ఐదు నుంచి ఏడేళ్లు దాటినవైతే ట్రెడ్ ఎంత కొత్తగా కనిపించినా మార్పించాలన్నది ఈ రంగంలో వాడుక. ఈ-450కి వెనుక జంట చక్రాలు కలిపి మొత్తం ఆరు టైర్లు, ఆ ఖర్చును ధరలో తగ్గించమని అడగవచ్చు. జనరేటరుకు వేరే గంటల మీటరు ఉంటుంది. దాన్ని నెలకోసారి లోడు పెట్టి నడపాలి, లేకపోతే కార్బురేటరులో పెట్రోలు జిగురులా పేరుకుంటుంది. పదేళ్ల దగ్గరి బండిలో ఆ మీటరు మరీ తక్కువ గంటలు చూపిస్తే సంతోషించవలసిన పని లేదు. ఇంకొక చిక్కు: ఇల్లు 2017 మోడల్ అయినా కింది ఛాసిస్ 2016ది కావచ్చు. అది మోసం కాదు, పరిశ్రమలో మామూలే, కానీ బీమా, విడిభాగాల విషయంలో తేడా వస్తుంది గనుక రెండు తేదీలూ రాసుకోండి.

డబ్బు కట్టే ముందు డీలరుతో ఏ సంబంధమూ లేని తనిఖీదారును పిలిపించుకోండి. ఎన్‌ఆర్‌వీఐఏ అనే జాతీయ సంఘం ధ్రువీకరించిన ఇన్‌స్పెక్టర్లు వచ్చి ఒక పూట నుంచి ఒక రోజంతా బండిని పరీక్షించి, ఫోటోలతో నివేదిక ఇస్తారు. ఇంజిన్, జనరేటరు నూనెల నమూనాలు ల్యాబుకు పంపడం కూడా అదనంగా కోరవచ్చు. తనిఖీ నాటికి ఫ్రిజ్ ముందు రోజు నుంచే ఆన్ చేసి ఉంచమని డీలర్‌కు రాతపూర్వకంగా చెప్పండి. గ్యాసుతో నడిచే అబ్జార్ప్షన్ ఫ్రిజ్ చల్లబడడానికి గంటలు పడుతుంది, అప్పటికప్పుడు వేస్తే పనిచేస్తుందో లేదో తేలదు. నీళ్లు నింపి పంపు, గీజరు, కుళాయిలు, మురుగు ట్యాంకుల వాల్వులు అన్నీ నడిపించాలి. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ గడ్డకట్టిపోయినప్పుడు ఇళ్లలో పైపులు పగిలినట్లే ఆరుబయట నిలిపిన ఈ బండ్లలోనూ పగిలే ప్రమాదం ఏర్పడింది, అప్పుడు మీ బండి ఎక్కడ ఉందో అడిగి చూడండి. ‘చలికాలం కదా, యాంటీఫ్రీజ్ (పైపులు గడ్డకట్టకుండా పోసే ద్రవం) పోశాము, నీళ్లు పెట్టలేము’ అన్న జవాబును ఒప్పుకోకండి. రీకాల్స్ (లోపం బయటపడి కంపెనీయే వెనక్కి పిలిచి బాగుచేసేవి) విషయంలో, అక్షరాలు, అంకెలు కలిపి 17 ఉండే విన్ (వాహన గుర్తింపు) నంబరుతో ఫెడరల్ రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్ఏ వెబ్‌సైటులో వెతికితే సరిపోదు. ఛాసిస్ కంపెనీ, ఇల్లు కట్టిన కంపెనీ, ఫ్రిజ్ కంపెనీ వేర్వేరు గనుక మూడింటికీ విడివిడిగా చూడాలి. డొమెటిక్, నార్‌కోల్డ్ ఫ్రిజ్‌లలో కొన్ని పాత మోడళ్లకు మంటలు అంటుకునే ప్రమాదం వల్ల రీకాల్స్ వచ్చాయి.

చట్టం మిమ్మల్ని కాపాడుతుందనే ధీమా వద్దు. వారంటీ ఉందో లేదో తెలుపుతూ పాత కార్ల కిటికీకి డీలర్లు అంటించే ‘బయ్యర్స్ గైడ్’ కాగితం ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన వల్ల వచ్చింది. ఆ నిబంధన గరిష్ఠ అనుమతి బరువు 8,500 పౌండ్లకు తక్కువ ఉన్న వాహనాలకే వర్తిస్తుంది. ఈ-450 మీది మోటార్‌హోమ్‌కు ఆ బరువు 14,500 పౌండ్ల దాకా ఉంటుంది. కాబట్టి ఆ కాగితం లేకపోవడం తప్పు కాదు. అలాగే కొన్న మూడు రోజుల్లో తిరిగి ఇచ్చేయవచ్చన్నది మన వాళ్లలో బాగా పాతుకుపోయిన అపోహ. డీలర్ షోరూములో జరిగిన వాహన కొనుగోలుకు అటువంటి ఫెడరల్ హక్కు లేదు. వెయ్యి డాలర్ల డిపాజిట్ కట్టదలిస్తే, తనిఖీలో తృప్తి కలగకపోతే పూర్తిగా తిరిగి ఇస్తామన్న వాక్యం రసీదు మీదనే ఉండాలి. బాగు చేసి ఇస్తామన్న ప్రతి చిన్న వస్తువూ బండి ఇవ్వబోయే తేదీతో సహా, అక్కడ ‘వుయ్ ఓ’ (మేము బాకీ ఉన్నవి) అని పిలిచే కాగితం మీద రాయించుకోవాలి. బండి గేటు దాటిన తర్వాత సర్వీసు విభాగం ముందు వరుసలో నిలబడే వందమందిలో మీరు ఒకరు అవుతారు.

ఆ తర్వాత మిమ్మల్ని ఫైనాన్స్ గదిలో కూర్చోబెడతారు. డీలర్‌కు లాభం ఎక్కువగా వచ్చే చోటు అదేనని గుర్తుంచుకోండి. అక్కడ బండి ధర గురించి మాట్లాడరు, నెల వాయిదా గురించే మాట్లాడతారు. మీ 62,000లో ఐదో వంతు చేతి నుంచి కట్టి, మిగిలిన 49,600 డాలర్లను ఉదాహరణకు 9 శాతం వడ్డీకి 15 ఏళ్లకు తీసుకుంటే నెలకు సుమారు 503 డాలర్లు పడుతుంది. వినడానికి తేలికే, కానీ 180 నెలలకు కట్టేది 90,500 దాటుతుంది, అందులో వడ్డీయే దాదాపు 41,000. దీనికి టెక్సాస్ అమ్మకపు పన్ను 6.25 శాతం, అంటే 3,875 డాలర్లు, డాక్యుమెంటు రుసుము, బండిని సిద్ధం చేసినందుకు వేసే ‘ప్రెప్’ రుసుము కలుస్తాయి. వెళ్లే ముందే మీ క్రెడిట్ యూనియన్ (సభ్యుల సహకార బ్యాంకు) నుంచి అప్పు మంజూరు లేఖ తీసుకొని, అన్నీ కలిపిన తుది ధర ఒక్కటే మాట్లాడండి. సర్వీసు కాంట్రాక్టు (డబ్బు కట్టి కొనే అదనపు వారంటీ లాంటిది) అంటగడితే పుస్తకం ఇంటికి తీసుకువెళ్లి మినహాయింపుల పేజీ చదవండి. నీటి వల్ల కలిగే నష్టం చాలా కాంట్రాక్టుల్లో మినహాయింపుల కిందనే ఉంటుంది.

మీరు అడగని విషయం ఒకటి చెప్పక తప్పదు. గ్లేసియర్ పార్కులో అందరూ చూడాలనుకునే గోయింగ్-టు-ది-సన్ రోడ్డు కొండ భాగంలోకి 21 అడుగులకు మించిన పొడవు లేదా 8 అడుగులకు మించిన వెడల్పు ఉన్న వాహనాలను అనుమతించరు. 31 అడుగుల బండిని క్యాంపుగ్రౌండులో వదిలి వేరే వాహనంలో వెళ్లాలి. మీరు ఆరుగురు. ఆ బండిలో ఎనిమిది మంది పడుకోవచ్చని రాసి ఉన్నా, సీటు బెల్టులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. ప్రయాణంలో అమ్మగారిని వెనుక మంచం మీద కూర్చోబెట్టడం ప్రమాదకరం. తలుపు దగ్గర అతికించిన బరువు పట్టికలో మనుషులు, సామాను కలిపి ఎన్ని పౌండ్లు మోయవచ్చో ఉంటుంది. 40 గాలన్ల మంచినీరే 330 పౌండ్లు దాటుతుందని మరవకండి. ఇంటి ముందు నిలపడానికి మీ హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) ఒప్పుకుంటుందో లేదో కూడా కొనకముందే కనుక్కోండి, ఒప్పుకోకపోతే నెలనెలా స్టోరేజీ అద్దె పడుతుంది. ఇవన్నీ చూస్తే, ఈ వేసవికి పది రోజులు అద్దె బండిలో వెళ్లి, మీ నాన్నగారికి అందులోని స్నానాల గది, మెట్లు సరిపడతాయో లేదో తెలుసుకొని, కొనే ఆలోచన శరత్కాలానికి వాయిదా వేయడం మంచిదని నాకు తోస్తోంది. వేసవి రద్దీ తగ్గాక బేరానికి కూడా ఎక్కువ వీలు ఉంటుంది.

ప్రశ్న: మూడు నెలల కిందట ఒక పెద్ద డీలర్ దగ్గర పాత మోటార్‌హోమ్ కొన్నాను. షవర్ పక్కన నేల కుళ్లిపోయిందని ఇప్పుడు బయటపడింది. ‘నీటి చుక్క కూడా కారలేదు’ అని సేల్స్‌మన్ సందేశం పంపి ఉన్నాడు. అడిగితే ‘యాజ్-ఈజ్’ (ఉన్నది ఉన్నట్లుగా) కింద సంతకం చేశారు కదా అంటున్నారు. దారి ఏమైనా ఉందా?
— ఒక పాఠకురాలు, ఆస్టిన్

జవాబు: ఆ సందేశమే మీ బలం, దాన్ని వెంటనే భద్రపరచండి. ‘యాజ్-ఈజ్’ అన్న షరతు మామూలు లోపాల విషయంలో డీలర్‌ను కాపాడుతుంది. తెలిసి దాచినా, అబద్ధం చెప్పి కొనిపించినా ఆ షరతు అన్నిసార్లూ అడ్డుపడదు. అయితే వారికి తెలుసునని చూపించవలసిన భారం మీ మీద ఉంటుంది. అందుచేత మొదట స్వతంత్ర తనిఖీదారుతో నివేదిక రాయించి, కుళ్లు ఎంత పాతదో అందులో స్పష్టంగా చెప్పించండి, అంతవరకు ఆ నేలను బాగు చేయించకండి. డీలర్ తన వర్క్‌షాపులో ముందే చూసి ఉంటే ఆ జాబ్ కార్డుల నకళ్లు కోరండి. టెక్సాస్ వినియోగదారుల రక్షణ చట్టమైన డీటీపీఏ కింద దావా వేయడానికి 60 రోజుల ముందు లోపాన్ని, కోరే మొత్తాన్ని తెలుపుతూ నోటీసు ఇవ్వాలి. గడువు సాధారణంగా రెండేళ్లు. టెక్సాస్‌లో మోటార్‌హోమ్ డీలర్లకు లైసెన్సు ఇచ్చేది రాష్ట్ర మోటారు వాహనాల శాఖ గనుక అక్కడా, అటార్నీ జనరల్ కార్యాలయంలోనూ ఫిర్యాదు నమోదు చేయవచ్చు. నష్టం 20,000 డాలర్ల లోపైతే చిన్న దావాలు వినే జస్టిస్ కోర్టులో లాయరు లేకుండా కూడా కేసు నడపవచ్చు, కానీ మీ కొనుగోలు ఒప్పందంలో ఆర్బిట్రేషన్ (కోర్టుకు బదులు మధ్యవర్తి దగ్గర తేల్చుకోవాలన్న) షరతు ఉందేమో ముందుగా చూడండి. ఉంటే, నోటీసు పంపకముందే ఒక లాయరుకు ఆ ఒప్పందం చూపించండి.