నేచురల్లీ గ్రోన్ దరఖాస్తు ఆగిందా? తనిఖీ ఎవరు చేశారో చూడండి

సర్టిఫైడ్ నేచురల్లీ గ్రోన్ అంటే కృత్రిమ రసాయనాలు లేకుండా పండించే చిన్న రైతులకు అమెరికాలో ఇచ్చే ధ్రువీకరణ. ఇందులో పొలాన్ని సాధారణంగా తోటి రైతులే తనిఖీ చేస్తారు. మీ దరఖాస్తు ఆగింది ఎరువుల వల్ల కాకపోవచ్చు. పక్క రైతు మీ పొలం చూసి, మీరు ఆయనది చూసి ఉంటే, చిక్కు అక్కడే. ఒకే ఏడాది ఒకరిదొకరు తనిఖీ చేసుకోకూడదు.

1. మీరు చేసిన తనిఖీ అలాగే ఉంచండి. మీ పొలానికి మాత్రం మూడో రైతును పిలవండి. మీరు పక్క రైతుది, ఆయన మూడో వ్యక్తిది, ఆ వ్యక్తి మీది చూస్తే ముగ్గురికీ సరిపోతుంది.
2. దగ్గర్లో రైతులెవరూ దొరక్కపోతే టెన్షన్ వద్దు, ఎక్స్‌టెన్షన్ ఏజెంటును, అంటే రైతులకు సలహాలిచ్చే వ్యవసాయ అధికారిని, తనిఖీకి అడగండి.
3. తేనెపెట్టెలకు ధ్రువీకరణ వేరు. వాటిని తేనెటీగలు పెంచేవాళ్లకు చూపించండి.