అమెరికా పల్లెలకు కూడా మన ఊళ్లలాగా చరిత్ర, మమకారం ఉంటాయా?

"అమెరికాలో పల్లెటూరంటే నాలుగు పొలాలు, ఒక పెట్రోల్ బంకే కదా, మన ఊళ్లకున్నట్టు చరిత్ర, ఊరి మీద మమకారం అక్కడ ఉంటాయా?" అని అడిగారు. ఉంటాయి. నేను కాన్సస్ రాష్ట్రంలోని హేస్‌లో చదువుకున్నాను. అక్కడికి గంట ప్రయాణంలో నికోడెమస్ అనే ఊరుంది. దాని గురించే చెబుతాను.

2020 జనాభా లెక్కల్లో ఆ ఊరి జనం 14 మంది. దగ్గర్లోని స్టాక్‌టన్ ఊరి నుంచి 24వ నంబర్ హైవే మీద పడమటికి వెళ్తుంటే అంతా గోధుమ చేలే. కాస్త ఏమరుపాటుగా ఉంటే ఊరు దాటిపోతాం. మొదటిసారి నేను దాటిపోయి, మళ్లీ కారు వెనక్కి తిప్పుకొచ్చాను.

ఈ ఊరు కట్టుకున్నది కెంటకీ నుంచి వచ్చిన నల్లజాతివాళ్లు. 1865లో బానిసత్వం రద్దయినా వాళ్లకు సొంత భూమి లేదు, ప్రాణానికి భరోసా లేదు. సాగుచేసుకునేవాళ్లకు ప్రభుత్వ భూమినిచ్చే హోమ్‌స్టెడ్ చట్టం కింద కాన్సస్‌లో 160 ఎకరాలు తీసుకోవచ్చని విన్నారు. 1877లో డబ్ల్యూ.ఆర్. హిల్ అనే తెల్లవ్యాపారి, డబ్ల్యూ.హెచ్. స్మిత్ అనే నల్లజాతి పాస్టర్, మరికొందరు కలిసి ఊరికి ప్లాను వేశారు. 5 డాలర్లు కడితే సెప్టెంబరు 5న బయల్దేరే గుంపుతో రావచ్చని కెంటకీలోని లెక్సింగ్టన్‌లో కరపత్రాలు తిరిగాయి. సుమారు 300 మంది కాన్సస్‌లోని ఎల్లిస్ అనే ఊరి దాకా రైల్లో వచ్చి, అక్కణ్నుంచి మైళ్ల కొద్దీ నడిచి చేరారు. వచ్చి చూస్తే ఊరే లేదు. కొన్ని కుటుంబాలు వెంటనే వెనుదిరిగాయి.

మరుసటి ఏడాది వసంతంలో వచ్చిన విలియానా హిక్మన్ అనే ఆవిడ చెప్పింది చదివాక నాకు చాలా రోజులు మనసు మనసులో లేదు. "అదిగో నికోడెమస్" అని మగవాళ్లు కేకలు వేస్తే ఆవిడ ఆత్రంగా చూసిందట, ఒక్క ఇల్లూ కనబడలేదు. ఎక్కడ అని అడిగితే, భర్త నేలలోంచి లేస్తున్న పొగలు చూపించాడట. అక్కడ కలప దొరకదు కాబట్టి జనం నేలలో గుంతలు తవ్వుకుని కాపురాలుంటున్నారు. ఆవిడకు ఏడుపు ఆగలేదు. అయినా వెనక్కి పోలేదు, అక్కడే స్థిరపడింది.

ఆ మొదటి చలికాలం తిండిగింజలు అయిపోతే, వేట నుంచి తిరిగి వెళ్తున్న ఓసేజ్ అనే అమెరికా ఆదివాసీ తెగవాళ్లు తమ మాంసంలో వాటా ఇచ్చి ఆదుకున్నారు. గుర్రాలు చాలక, చాలామంది పారలతోనే బీడు తవ్వి విత్తనాలు వేశారు. పదేళ్లు తిరిగేసరికి స్కూలు, చర్చిలు, హోటల్, రెండు వార్తాపత్రికలు, బేస్‌బాల్ జట్టు అన్నీ వచ్చాయి. ఇక్కడ స్థిరపడిన ఇ.పి. మెకేబ్ అనే నల్లజాతి నాయకుడు 1882లో కాన్సస్ రాష్ట్ర ఆడిటర్‌గా ఎన్నికయ్యాడు. బానిసత్వం పోయి ఇరవై ఏళ్లు కూడా కాని రోజులవి.

దెబ్బ కొట్టింది రైలు. రైలు మార్గం ఊరి మీదుగా వస్తుందని అందరూ ఆశపడ్డారు. 1888లో అది సాలమన్ నదికి అవతలి ఒడ్డున పోయింది. షాపులవాళ్లు రైలు మార్గం మీదున్న బోగ్ అనే ఊరికి తరలిపోయారు. తర్వాత 1930ల కరువు, దుమ్ము తుఫాన్లు. 1953లో పోస్టాఫీసు మూసేశారు, 1960లో స్కూలు. 1996లో అమెరికా పార్లమెంటు దీన్ని జాతీయ చారిత్రక స్థలంగా ప్రకటించింది. ఈ గుర్తింపు ఎప్పుడో రావాల్సిందని నా అభిప్రాయం.

ఇక మీరడిగిన మమకారం. ఏటా జూలై చివరి వారాంతంలో ఇక్కడ హోమ్‌కమింగ్, అంటే ఊరు విడిచినవాళ్లు తిరిగొచ్చి కలుసుకునే పండుగ జరుగుతుంది. బానిసత్వం పోయినందుకు జరుపుకునే పాతకాలపు విమోచన దినోత్సవమే ఇలా మారింది. డెన్వర్ నుంచి, కాన్సస్ సిటీ నుంచి, కాలిఫోర్నియా నుంచి మొదటి కుటుంబాల మనవలు, మునిమనవలు వస్తారు. నేను రెండోసారి అప్పుడే వెళ్లాను. 1939లో కట్టిన సున్నపురాయి టౌన్‌షిప్ హాల్ దగ్గర, మడత కుర్చీలో ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. ఎదుట పడిన ప్రతి పిల్లనీ పిల్లవాడినీ ఆపి, ముందు ఎవరి తాలూకో అడిగేది. పేరు తర్వాతే. ఒక కుర్రాడు తాతగారి ఇంటిపేరు చెప్పగానే, "మీ పొలం అదిగో" అని చేత్తో ఏటి వైపు చూపించింది. వాడు పుట్టి పెరిగింది డెన్వర్‌లోనట. ఫోన్ జేబులో పెట్టేసి అటే చూస్తూ నిలబడ్డాడు. మా ఊరి తిరునాళ్లలో అరుగు మీద కూర్చుని "ఎవరబ్బాయివి రా?" అని అడిగే ముసలమ్మలు గుర్తొచ్చి నాకు గొంతు పూడుకుపోయింది.

నన్ను కూడా అడిగింది. ఇండియా నుంచి వచ్చానంటే, "ఇంత దూరం మా ఊరి కోసం వచ్చావా" అంటూ పక్కన కుర్చీ వేయించి, ప్లేటులో భోజనం పెట్టించింది.

వెళ్తే ఆ జూలై వారాంతంలోనే వెళ్లండి. నికోడెమస్‌లో బంకు లేదు, స్టాక్‌టన్‌లో గానీ హిల్ సిటీలో గానీ పెట్రోల్ పోయించుకోండి. ఎండ విపరీతంగా ఉంటుంది, నీళ్లు దగ్గర పెట్టుకోండి. రాతి చర్చి, పాత హోటల్, 1918 నాటి బడి అన్నీ నడిచి చూసేంత దగ్గర్లోనే ఉన్నాయి.