సెమినార్‌కు జనం రావాలంటే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది హనుమకొండ. టాక్స్ కన్సల్టెంట్లం, అకౌంటెంట్లం కలిసి ఒక చిన్న సంఘం పెట్టుకున్నాం. పోయినేడాది సెప్టెంబరులో ‘నేటి పన్నుల విధానం: సవాళ్లు, అవకాశాలు’ అని ఒకరోజు సెమినార్ పెట్టాం. 250 సీట్ల హాలు తీసుకున్నాం. హైదరాబాద్ నుంచి పేరున్న వక్తను పిలిచాం. చౌరస్తాలో ఫ్లెక్సీలు కట్టాం, వాట్సాప్‌లో పోస్టర్లు తిప్పాం, ప్రవేశం ఉచితం అన్నాం. తీరా చూస్తే డెబ్బై మంది కూడా రాలేదు, అందులో సగం మావాళ్లే. మళ్లీ పెడదామంటే కొందరు ‘ఎందుకొచ్చిన లొల్లి’ అంటున్నారు. ప్రచారం ఎట్లా చేస్తే జనం వస్తారో చెప్పండి.
– ఒక సంఘం కార్యదర్శి, హనుమకొండ

జవాబు: తమ్ముడూ, మానొద్దు. తప్పకుండా పెట్టండి. మన దగ్గర పద్దులు చూసేవాళ్లకు ఇట్లాంటి సెమినార్ అవసరం ఇప్పుడు చాలా ఉంది. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం పోయి, 2025 చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. మనకు నోటికొచ్చిన 194సి, 194క్యూ లాంటి టీడీఎస్ (డబ్బు ఇచ్చేటప్పుడే పట్టుకునే పన్ను) సెక్షన్లు 393 కిందికి చేరాయి. అంతకుముందే 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ రేట్లు మారాయి. పరకాలలోనో నర్సంపేటలోనో ఒక చిన్న గదిలో కూర్చుని ఊరి షాపులన్నింటి లెక్కలూ చూసే మనిషికి, అనుమానం వస్తే అడగడానికి పక్కన ఎవరూ ఉండరు. ఆయన కోసం మీరు ఈ పని చేయాలి.

నేను ఈ ఊళ్లోనే అకౌంట్స్ ఆఫీసు నడిపాను, చాలాకాలం సంఘం క్లాసులు చూసుకున్నాను. తన పనికి అడ్డుపడుతున్న ముడి అక్కడ విప్పుతారని నమ్మకం కలిగితే భూపాలపల్లి నుంచైనా మనిషి బస్సెక్కి వస్తాడు. మీ ఫ్లెక్సీలో ఆ నమ్మకం కలిగించే మాట ఏదీ లేదు. ‘సవాళ్లు, అవకాశాలు’ అన్న పేరు చూసి తన పని ఆపుకుని వచ్చేవాళ్లు ఎవరుంటారు? ఆ పేరు ఏ ఊళ్లో అయినా, ఏ సంవత్సరం అయినా పెట్టుకోవచ్చు.

ముందు ఎవరి కోసం పెడుతున్నారో తేల్చుకోండి. మన జిల్లాల్లో జిన్నింగ్ మిల్లుల అకౌంటెంట్లు ఉన్నారు. రైస్ మిల్లు గుమస్తాలు, ఎనుమాముల మార్కెట్‌లో అడ్తి వ్యాపారుల దగ్గర లెక్కలు రాసేవాళ్లు, ఎరువుల షాపులవాళ్లు, ట్రాక్టరు డీలర్లు ఉన్నారు. వాళ్లలో ఓ పదిహేను మందికి ఫోన్ చేసి, ‘అన్నా, ఈ మధ్య నీకు ఎక్కడ ఆగిపోయింది?’ అని అడగండి. వాళ్లు చెప్పిందే మీ కార్యక్రమం. రైతు దగ్గర నేరుగా పత్తి కొన్న మిల్లు రివర్స్ చార్జ్ కింద, అంటే అమ్మినవాళ్లకు బదులు కొన్నవాళ్లే, పన్ను కట్టాలని 2017 నవంబరు నుంచి ఉంది. అయినా ఇప్పటికీ ప్రతి సీజన్‌లో దాని మీద అనుమానాలే. 12 శాతం కట్టి తెచ్చిన ట్రాక్టరును 5 శాతానికి అమ్మితే మిగిలిపోయిన క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నులో సర్దుకోవాల్సిన మొత్తం) సంగతేంటి? పాత చట్టం కింద వచ్చిన నోటీసుకు ఇప్పుడు ఏ సెక్షన్ రాసి జవాబు పంపాలి? ఇట్లాంటివి ఆరు ప్రశ్నలు ఏరి, పోస్టర్ మీద పెద్ద అక్షరాలతో అవే వేయండి. వక్త ఫొటో చిన్నగా ఒక మూలన ఉంటే చాలు. సంఘం పెద్దల ఫొటోలు అస్సలు వద్దు.

ఇక తేదీ. మీ సెమినార్‌ను సగం దెబ్బతీసింది ఇదే అనుకుంటున్నాను. సెప్టెంబరు నెలాఖరుకు ఆడిట్ రిపోర్టుల గడువు. ఆ నెలలో అకౌంటెంట్ ఇంట్లో అన్నం తినడమే గగనం. దాదాపు ప్రతి నెలా 7న టీడీఎస్ కట్టాలి, 11న జీఎస్‌టీఆర్ 1 (అమ్మకాల వివరాల రిటర్ను), 20న 3బి (పన్ను కట్టే రిటర్ను). మూడు నెలలకోసారి వేసేవాళ్లకు మన రాష్ట్రంలో 22 గడువు. అంటే మనవాళ్లకు ఊపిరాడేది 23 నుంచి నెలాఖరు దాకానే. అందులోనూ పెద్ద ముహూర్తాలు చూసుకోవాలి, బతుకమ్మ, దసరా చూసుకోవాలి, మేడారం జాతర ఉన్న సంవత్సరమైతే దాని ముందూ వెనకా వారం వదిలేయాలి. అక్టోబరు నుంచి పత్తి, ఆ తర్వాత వేసవి దాకా మిర్చి. ఆ రోజుల్లో మార్కెట్ మనుషులు దొరకరు. నన్నడిగితే జూన్ చివరి శనివారం మంచిది. జూలై రిటర్నుల హడావుడి ఇంకా మొదలు కాదు, మిర్చి తగ్గి ఉంటుంది, ఎనుమాములకు శని, ఆదివారాలు సెలవు. ఆదివారం వద్దు. ఆ ఒక్క రోజు ఇంట్లోవాళ్లకు ఇవ్వాలని అందరికీ ఉంటుంది.

ఉదయం పదిన్నరకు మొదలుపెట్టి, సాయంత్రం నాలుగింటికి ముగిస్తామని ఆహ్వానంలోనే రాయండి, రాసినట్టే ముగించండి. ములుగు, మహబూబాబాద్, జనగామ నుంచి వచ్చేవాళ్లు తిరుగు ప్రయాణం లెక్క చూసుకునే బయల్దేరుతారు. మంచిర్యాల, పెద్దపల్లి వైపు నుంచి కాజీపేటలో రైలు దిగేవాళ్లు ఉంటే, స్టేషన్ నుంచి హాలుకు ఎట్లా రావాలో రెండు వాక్యాలు రాయండి. చిన్న విషయమే కానీ, కొత్తగా వచ్చే మనిషికి అది పెద్ద ధైర్యం.

ఉచితం అన్నారు కదా, అది తీసేయండి. మూడు వందలో నాలుగు వందలో పెట్టండి. అందులో భోజనం, తెలుగులో అచ్చువేసిన నోట్సు ఇస్తామని చెప్పండి. ఫోన్‌పేలో డబ్బు కట్టిన మనిషి ఆ తేదీని గుర్తు పెట్టుకుంటాడు. ఎంతమందికి వంట చేయించాలో మీకూ ముందే తెలుస్తుంది. ముందుగా కట్టినవాళ్లకు వంద తగ్గించండి. ఆ ఊళ్లోనే ఇంకొకరిని వెంట తెస్తే ఇద్దరికీ కలిపి కొంత తగ్గించండి. తోడు దొరికితే ప్రయాణం తేలికవుతుంది. అట్లా ఒక్కో ఊరి నుంచి జంటలుగా వచ్చినవాళ్లే తర్వాత మా సంఘానికి ఆధారమయ్యారు.

ఫ్లెక్సీల డబ్బు మిగుల్చుకోండి. చౌరస్తాలో వెళ్లే వెయ్యి మందిలో మీకు కావాల్సినవాళ్లు ఇద్దరో ముగ్గురో. ఆ శ్రమంతా ఫోన్‌లో పెట్టండి. కమిటీలో పది మంది ఉంటే ఊళ్లు పంచుకోండి: ఒకరు పరకాల, ఒకరు వర్ధన్నపేట, ఒకరు స్టేషన్ ఘన్‌పూర్, ఇట్లా. ఆ ఊరితో పరిచయం ఉన్నవాళ్లే అక్కడికి ఫోన్ చేయాలి. ‘మా సెమినార్‌కు రండి’ అని చెప్పి పెట్టేయకండి. ‘మీరు పోయిన నెల క్రెడిట్ రాలేదని అన్నారు కదా, దాని మీద గంటసేపు పెట్టాం, మీ ప్రశ్న నేను రాసి వక్తకు ఇస్తాను’ అనండి. ప్రశ్నను వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌గా పంపమనండి, టైపు చేయడం చాలామందికి విసుగు. తన ప్రశ్న వేదిక మీద చదువుతారని తెలిసిన మనిషి రాకుండా ఉండడు. మూడు వారాల ముందు మొదటి ఫోన్, వారం ముందు ఒక మెసేజ్, ముందు రోజు సాయంత్రం లొకేషన్. అంతకు మించితే మెసేజ్‌లు చూడకుండా తీసేస్తారు.

రెండు జాగ్రత్తలు చెప్పాలి. మీలో సీఏలు ఉంటే పిలుపు సంఘం పేరు మీదే వెళ్లాలి, ఎవరి ఆఫీసు పేరూ ముందుకు రాకూడదు. ప్రకటనలతో క్లయింట్లను పిలుచుకోవడం మీద 1949 చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టంలోనే ఆంక్షలున్నాయి. లాయర్లకూ బార్ కౌన్సిల్ నియమాలు ఇట్లాంటివే. రెండోది, సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు భోజనం ఖర్చు పెట్టుకుంటామంటే తీసుకోండి. వాళ్లకు బయట ఒక బల్ల, లోపల పది నిమిషాలు ఇవ్వండి. అంతకంటే వద్దు.

ఈ మాట కొందరికి నచ్చకపోవచ్చు, అయినా చెప్తాను. రాజకీయ నాయకులను ముఖ్య అతిథిగా పిలవకండి. ఆయన వచ్చేదాకా మొదలుపెట్టలేరు. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, ప్రసంగాలు అయ్యేసరికి పన్నెండు. మహబూబాబాద్ నుంచి తెల్లారే లేచి వచ్చిన మనిషి ఆ గంటన్నరా ఖాళీగా కూర్చుంటాడు, వచ్చే ఏడాది రాడు. ఇంకా బాధ కలిగించేది, కుర్చీలు ఖాళీగా కనబడొద్దని ఏదో కాలేజీ నుంచి బస్సులో పిల్లలను తెచ్చి కూర్చోబెట్టడం. వక్త వాళ్లను చూసి ఓనమాల నుంచి చెప్తాడు. పని తెలిసినవాళ్లు భోజనం కాగానే లేచిపోతారు. విద్యార్థులకు నేర్పాలని ఉంటే, అది మంచి పనే, వాళ్లకు వేరే రోజు వేరేగా పెట్టండి.

హాలు విషయం: మొదట నూట ఇరవై మందికి సరిపోయేది చూడండి, చాలు. కాళోజీ కళాక్షేత్రం లాంటి పెద్ద వేదిక మీద మనసున్నా, రెండు మూడేళ్ల తర్వాత ఆలోచించవచ్చు. చిన్న హాలు నిండితే వచ్చినవాళ్లే బయటికెళ్లి చెప్తారు. సెమినార్ ముగిసే ముందు ఒక్కొక్కరికీ కాగితం ఇచ్చి, వచ్చేసారి ఏం కావాలో ఒక్క ప్రశ్న రాయమనండి. ఫోన్ నంబరు కూడా తీసుకోండి. ఆ రోజు సమయం చాలక జవాబివ్వలేని ప్రశ్నలకు వారం లోపల రాసి పంపండి. ఆ కాగితాల కట్ట చేతిలో ఉంటే, వచ్చే సంవత్సరం ప్రచారానికి మీరు కొత్తగా వెతుక్కోవాల్సింది పెద్దగా ఉండదు.

ప్రశ్న: మేడమ్, నేను కరీంనగర్‌లో డాక్టర్‌ని. మేం కొందరం కలిసి చిన్న క్లినిక్‌ల డాక్టర్ల కోసం మధుమేహం మీద వైద్య సదస్సు పెట్టాలనుకుంటున్నాం. ఆన్‌లైన్‌లో పెడితే ఎక్కువ మంది వస్తారా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: డాక్టర్ గారూ, ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకునేవాళ్లు ఎక్కువ, చివరిదాకా వినేవాళ్లు తక్కువ. మీ అంశానికి ఎదురుగా కూర్చుని కేసులు చర్చించుకోవడమే మేలు. ముందుగా తెలంగాణ మెడికల్ కౌన్సిల్‌కు దరఖాస్తు పెట్టి క్రెడిట్ అవర్స్ (డాక్టర్ల నిరంతర శిక్షణ కింద లెక్కకొచ్చే గంటలు) తెచ్చుకోండి. ఆ అనుమతి సదస్సుకు ముందే రావాలి కాబట్టి ఇదే మొదటి పని. ఎన్ని క్రెడిట్లో ఆహ్వానం పైవరుసలోనే రాయండి, చాలామంది మొదట చూసేది అదే. సాయంత్రం ఓపీ వదులుకుని రమ్మంటే ఎవరూ రారు, కాబట్టి ఆదివారం ఉదయం పెట్టి మధ్యాహ్నం భోజనంతో ముగించండి. జగిత్యాల, సిరిసిల్ల, పెద్దపల్లి డాక్టర్లను ఒక్కొక్క కేసు తెచ్చుకోమని చెప్పండి. మాట్లాడే అవకాశం ఉందంటే బయల్దేరుతారు.