42వ సీను గురించి

తమ్ముడూ,

నీ స్క్రిప్టు రెండుసార్లు చదివాను. మాటలు బాగా రాస్తావు, ముఖ్యంగా అక్కా తమ్ముళ్ల మధ్యవి. కానీ 18వ సీనులో హీరోకి స్కిజోఫ్రీనియా అని డాక్టరు చేత చెప్పించి, 42వ సీనులో అద్దం ముందు నిలబెట్టి వాణ్ణి ఇద్దరు మనుషుల్ని చేసేశావు. అది వేరే జబ్బు. ఒకే మనిషిలో వేరువేరు వ్యక్తిత్వాలు కనబడే స్థితిని డిసోసియేటివ్ ఐడెంటిటీ డిజార్డర్ అంటారు. తంటా అంతా స్కిజోఫ్రీనియా అనే పేరులోనే ఉంది. స్విట్జర్లాండ్ వైద్యుడు యూజెన్ బ్లాయిలర్ 1908లో చీలిక, మనసు అనే అర్థాలున్న రెండు గ్రీకు మాటలు కలిపి ఈ పేరు పెట్టాడు. ఆయన దృష్టిలో చెదిరింది ఆలోచనకీ భావానికీ మధ్య ఉండాల్సిన పొత్తు. సినిమావాళ్లు ఏకంగా మనిషినే నిలువునా చీల్చేశారు.

ఇక ఇంటర్వెల్ మలుపు. హీరో పక్కన తిరిగే స్నేహితుడు అసలు లేడని తెలియడం. 2001లో వచ్చిన ‘ఎ బ్యూటిఫుల్ మైండ్’ తర్వాత ఇది అందరికీ అలవాటైపోయింది. అందులో ఇదే జబ్బున్న గణితవేత్త జాన్ నాష్‌కి లేని మనుషులు కనబడతారు. నిజంగా ఆయన్ని వేధించినవి గొంతులు. 1994లో నోబెల్ వచ్చే వేళకి కొత్తరకం మందులు వాడుతున్నానని కూడా సినిమాలో ఆయన చేత అనిపించారు. అసలు నాష్ 1970 తర్వాత మందులు తీసుకోలేదు. ఈ రెండో అబద్ధాన్ని నేను క్షమిస్తాను, చూసినవాళ్లు మందులు ఆపేస్తే కష్టం. మొదటిదే ఇరవై ఏళ్లుగా నీలాంటివాళ్లను తప్పుదారి పట్టిస్తోంది. ఈ జబ్బులో కళ్లకు ఏదో కనబడటం లేకపోలేదు, కానీ చెవికి వినబడటమే ఎక్కువ. కెమెరాకి కనబడేదే కావాలి కనుక జబ్బునే మార్చేశారు.

కాబట్టి చెవితో రాయి. గొంతు అనగానే దయ్యం గుసగుస, ప్రతిధ్వని రాసేస్తారు. ఆ మనిషికి అది మామూలు గొంతులాగే వినబడుతుంది. గోడ అవతల్నుంచో, వెనక కుర్చీలోంచో, ఫ్యాను హోరులోంచో వస్తుంది. మాటలు పొట్టిగా ఉంటాయి, అవే మళ్లీ మళ్లీ వస్తాయి, చాలాసార్లు తిట్లే. కొన్ని నేరుగా ‘నువ్వు’ అంటాయి, కొన్ని ఆజ్ఞాపిస్తాయి. ఇంకో రకం ఉంది, సినిమాకి అదే బాగా పనికొస్తుంది: ఇద్దరు కలిసి అతని గురించే చెప్పుకోవడం. ‘లేచాడు.’ ‘గ్లాసు తీశాడు.’ ‘చెయ్యి చూడు, వణుకుతోంది.’ స్క్రిప్టులో సౌండువాళ్లకి స్పష్టంగా రాసిపెట్టు: పక్కగదిలో మనిషి మాట్లాడినంత మామూలుగా, ఎడమవైపు వెనకనుంచి, సంగీతం లేకుండా.

నీ 9వ సీనునే తీసుకో. అక్క ‘తలుపు గడియ పెట్టావా?’ అంటుంది. ‘ఆఁ’ అని వెంటనే అంటాడు. అక్కడ నాలుగు సెకన్లు ఆపు. అతను ఆమె వైపు చూస్తాడు, చూపు కాస్త పక్కకి జరుగుతుంది, ‘ఏంటి?’ అంటాడు. మనకి గొంతులేమీ వినిపించవద్దు. ప్రేక్షకుడు కూడా అక్కలాగే విసుక్కోవాలి. ఇదే ప్రశ్నని 31వ సీనులో మళ్లీ అడిగించు. ఈసారి ఆ నాలుగు సెకన్లలో ఏం జరుగుతోందో వినిపించు. గొంతులు రెండూ, వాటి మధ్యలో నలిగిన అక్క ప్రశ్న. ఇంటర్వెల్ మలుపు కంటే ఇది గట్టిగా తగులుతుంది. కొందరు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, కూనిరాగం తీసి గొంతుల్ని తట్టుకుంటారు. అదీ వాడుకో, కానీ వివరించకు.

సినిమాలు అసలు ముట్టుకోనిది మరొకటి ఉంది. స్నానం చెయ్యకపోవడం, ఫోను ఎత్తకపోవడం, ముఖంలో కదలిక తగ్గడం, ఏ పనీ మొదలుపెట్టలేకపోవడం. డాక్టర్లు వీటిని నెగటివ్ లక్షణాలంటారు. గొంతులు తగ్గాక కూడా ఇవి ఉండిపోవచ్చు. ఇంట్లోవాళ్లకి మాత్రం ఇదంతా బద్ధకంలా కనబడుతుంది. ముఖం కదలనంత మాత్రాన లోపల బాధ లేదనుకోకు, నటుడికి కూడా ఈ మాట చెప్పు. జబ్బు బయటపడకముందు నెలల తరబడి, కొందరికి ఏళ్ల తరబడి, నిద్ర చెడటం, స్నేహితులు ఒక్కొక్కరే రాలిపోవడం ఉంటుంది. మగవాళ్లకి ఎక్కువగా పద్దెనిమిది నుంచి పాతిక మధ్య, ఆడవాళ్లకి కొన్నేళ్లు ఆలస్యంగా మొదలవుతుంది. నీ హీరోకి ముప్పై ఎనిమిదేళ్లు, ఒక్క రాత్రిలో జబ్బు. వయసు తగ్గించు, రాత్రిని ఆరు నెలలు చెయ్యి.

18వ సీనులో డాక్టరు పది నిమిషాల్లో జబ్బు పేరు చెప్పకూడదు. మత్తుపదార్థాలు ఏమైనా వాడాడా, మూర్ఛలాంటిది ఉందా అని చూస్తాడు, ఇంట్లోవాళ్లని వేరుగా కూర్చోబెట్టి అడుగుతాడు. అమెరికా వైద్యుల ప్రమాణం డీఎస్ఎమ్ ప్రకారం ఈ పేరు పెట్టాలంటే లక్షణాల జాడ కనీసం ఆరు నెలలు ఉండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణంలో అది ఒక నెల.

ఇంజెక్షన్ ఇచ్చిన మర్నాడే హీరో నవ్వుతూ లేవడం కుదరదు. నిద్ర, అలజడి కొద్దిరోజుల్లోనే సర్దుకోవచ్చు. గొంతులకీ అనుమానాలకీ వారాలు పడుతుంది. చాలాసార్లు అవి మాయమవవు, దూరమవుతాయి. దాన్నే రాయి: మాట అదే, గది మాత్రం దూరం. మందుల ఖరీదు ఒంటి మీద కనబడాలి. కొన్నిటితో ఒళ్లు వచ్చేస్తుంది. కొన్నిటితో కాళ్లు నిలవక అటూ ఇటూ తిరుగుతూనే ఉంటారు, చూసేవాళ్లు దాన్నీ పిచ్చి అనుకుంటారు. క్లోజపిన్ అనే మందు వాడేవాళ్లకి రాత్రి చొంగతో దిండు తడుస్తుంది, రక్తపరీక్షలు తప్పవు. ఇక నీకు అసలైన కథ దొరికేది మందు మానేసినప్పుడు. మర్నాడు ఏమీ కాదు. వారం బాగుంటాడు. నెల బాగుంటాడు, పైగా ఒళ్లు తేలికపడుతుంది, నవ్వుతాడు. ‘చూశావా, అవసరమే లేదు’ అంటే అక్క కూడా నమ్ముతుంది. జబ్బు తిరగబెట్టేది ఆ తర్వాత. అంత సస్పెన్స్ చేతిలో ఉంచుకుని కత్తి ఎందుకు పెట్టావు?

ఆ కత్తి గురించీ చెప్పాలి. ఈ జబ్బున్నవాళ్లలో అత్యధికులు ఎవరి జోలికీ వెళ్లరు. దెబ్బలు తినేది, మోసపోయేదే ఎక్కువ. చికిత్స అందక, మద్యమో మత్తో తోడైతే ప్రమాదం పెరిగే మాట నిజమే. అసలు ముప్పు వాళ్ల ప్రాణానికే. నూటికి సుమారు ఐదుగురు ఆత్మహత్యతో పోతారని అంచనా, తొలి ఏళ్లలో మరీ. ఆ దారిలో కథ నడిపితే పద్ధతిని చూపించకు.

షాక్ ట్రీట్‌మెంట్ సీను తీసేయ్, లేదంటే మత్తు ఇచ్చి చేసినట్టు రాయి. ప్రేమతో నయమైపోయే పాట గురించి ఏమీ అనను.

అక్క పాత్రని మాత్రం వదలకు. లండన్‌లో సామాజిక శాస్త్రవేత్త జార్జ్ బ్రౌన్ బృందం 1950ల చివర్లో మొదలుపెట్టిన పరిశోధనల్లో తేలిన సంగతి ఒకటుంది. ఆసుపత్రి నుంచి వచ్చిన మనిషిని ఇంట్లో ఎప్పుడూ తప్పుబడుతున్నా, కసురుకుంటున్నా, పసిపిల్లాడిలా మీద పడి కాస్తున్నా జబ్బు తిరగబెట్టడం ఎక్కువ. జబ్బుకి కారణం ఇల్లు అని కాదు. ఇంట్లో గాలి బిగుసుకుంటే తట్టుకోవడం కష్టమని. ఇప్పుడు నీ అక్క ప్రేమగా అనే మాటలు గీతలు పెట్టుకుంటూ చదువు. ‘నేను చేస్తాలే, నీకేం తెలుసు’ అని పదకొండుసార్లు అంది. నువ్వు తెలియకుండానే రాసేశావు. మూడు ఉంచు, చివరిదానికి ఆమే ఆగిపోవాలి.

తిరగరాశాక డాక్టరుకి చూపించు, మందుల తప్పులు దొరుకుతాయి. ఈ జబ్బుతో బతుకుతున్న ఒకరిద్దరికీ చూపించు, చదివినందుకు డబ్బులివ్వు. 9, 31 సీన్లు ముందు పంపు. అద్దం మాత్రం ఈలోపే తీసేయ్.

మీ అన్నయ్య