రొట్టె పట్టుకున్నప్పుడు ‘విష్’ కాదమ్మా, ‘హోప్’

కావలి

తల్లీ,

నువ్వు పంపిన దరఖాస్తు చదివాను. ఎక్కడా అక్షరదోషం లేదు, సంతోషం. చివర్లో ‘ఐ విష్ ఐ విల్ గెట్ దిస్ జాబ్’ అని రాశావే, అక్కడ ఆగిపోయాను. ముప్పై ఏళ్లు ఇంగ్లీషు పాఠాలు చెప్పాను, మన పిల్లల చేత ఈ ఒక్క తప్పు మాన్పించడానికి పడ్డ అవస్థ మరి దేనికీ పడలేదు.

నిరుడు రొట్టెల పండక్కి నెల్లూరు వెళ్లాం గుర్తుందా? బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో నిలబడి, కోరిక తీరినవాళ్లు ఇచ్చే రొట్టెల్లో నువ్వు ఉద్యోగం రావాలని ఉద్యోగ రొట్టె పట్టుకున్నావు. ఆ కోరిక తీరే వీలుంది. అలాంటి చోట ఇంగ్లీషులో ‘హోప్’ వాడాలి. ‘ఐ హోప్ ఐ గెట్ దిస్ జాబ్’ అని రాయి. ‘విష్’ లేనిదాని గురించి అనే మాట. ‘ఐ విష్ ఐ హ్యాడ్ ఎ జాబ్’ అంటే ఇప్పుడు నాకు ఉద్యోగం లేదని చెప్పడమే. ‘హ్యాడ్’ చూసి నిన్నటి సంగతి అనుకోకు. అది నిజం కాదని చెప్పడానికే క్రియను ఒక మెట్టు వెనక్కి, అంటే భూతకాల రూపంలోకి, జరుపుతారు. ‘ఐ విష్ యు ఆల్ ద బెస్ట్’ లాంటి శుభాకాంక్షల దారి వేరు, వాటిని ఇందులో కలపకు.

ఇక షరతు. ‘ఉద్యోగం వస్తే వచ్చే ఏడు రొట్టె ఇస్తాను’ అని మొక్కుకున్నావు కదా. ‘ఇఫ్ ఐ గెట్ ద జాబ్, ఐ విల్ గివ్ ఎ రోటీ నెక్స్ట్ ఇయర్.’ ‘విల్’ రెండో సగంలోనే ఉండాలి, ‘ఇఫ్’ పక్కకి రానివ్వకు.

అసలు చిక్కు ‘వస్తే’, ‘ఉంటే’ల్లోని మన ‘తే’, ‘టే’లతో వస్తుంది. ‘డబ్బుంటే కొంటాను’, ‘డబ్బుంటే కొనేదాన్ని’ అంటాం. మొదటి సగం రెండింట్లోనూ ఒకటే. డబ్బు లేదన్న సంగతి ‘కొనేదాన్ని’ దగ్గర గానీ తెలియదు. ఇంగ్లీషు మాత్రం మొదట్లోనే చెప్పేస్తుంది: ‘ఇఫ్ ఐ హ్యాడ్ మనీ, ఐ వుడ్ బై ఇట్.’ చిత్రమేమిటంటే, ‘చిన్నప్పుడు రోజూ కొనేదాన్ని’ అన్నప్పుడు కూడా మనకి అదే ‘కొనేదాన్ని’, వాళ్లకీ అదే ‘వుడ్’. ఈ పోలిక దొరికాక నా క్లాసులో పిల్లలకి సగం టెన్షన్ తగ్గింది. అందుకే నీకూ చెబుతున్నాను, తెలుగులో ‘కొనేదాన్ని, వెళ్లేదాన్ని’ అని వచ్చిందంటే ఇంగ్లీషులో ‘వుడ్’ పెట్టు, ‘ఇఫ్’ సగంలో క్రియను వెనక్కి జరుపు.

జరిగిపోయినదానికి ఇంకో మెట్టు వెనక్కి వెళ్లాలి. ఒంగోలులో నీకు తప్పిపోయిన పరీక్షే తీసుకో. ‘ముందు రైలెక్కి ఉంటే పరీక్ష రాసి ఉండేదాన్ని’ అని ఎన్నిసార్లు బాధపడ్డావో నాకు తెలుసు. ‘ఇఫ్ ఐ హ్యాడ్ కాట్ ది ఎర్లియర్ ట్రైన్, ఐ వుడ్ హ్యావ్ టేకెన్ ది ఎగ్జామ్.’ ఆ బాధనే ‘విష్’తో చెప్పాలంటే ‘ఐ విష్ ఐ హ్యాడ్ కాట్ ది ఎర్లియర్ ట్రైన్’ చాలు.

‘ఇఫ్ ఐ వర్ యు’ (నీ స్థానంలో నేనుంటే) అన్నప్పుడు ‘ఐ’ పక్కన ‘వర్’ అచ్చుతప్పు కాదు. మాటల్లో ‘వాజ్’ అనేవాళ్లూ ఉన్నారు, నువ్వు మాత్రం పరీక్షల్లో ‘వర్’ అనే రాయి.

దరఖాస్తులో ఆ వాక్యం మార్చి పంపు. దాంతోపాటు పట్టుకున్న రొట్టె మీద రెండు వాక్యాలు, తప్పిన రైలు మీద రెండు సొంతంగా రాయి. ఎవరినీ అడగకుండా రాయి, తప్పులుంటే నేను దిద్దుతాను.

ఆశీస్సులతో,
తాతయ్య